ఆస్పత్రిలో అంటుకునే ఫ్లూ: నివారణ, నియంత్రణ పద్ధతులపై ఒక సమీక్ష

వేరొక జబ్బుకు చికిత్స కోసం ఆస్పత్రిలో చేరిన రోగికి, చేరేనాటికి లేని ఇన్‌ఫ్లుయెంజా అక్కడ ఉండగా సోకితే దానిని ఆస్పత్రి సంక్రమిత ఇన్‌ఫ్లుయెంజా అని వ్యవహరిస్తారు. వైరస్ ఒంట్లో చేరిన నాటి నుంచి లక్షణాలు పైకి కనిపించేదాకా సాగే పొదిగే కాలం ఈ జబ్బులో ఒకటి నుంచి నాలుగు రోజులు, సగటున రెండు రోజులు ఉంటుంది కనుక, ఆస్పత్రిలో చేరి 72 గంటలు దాటాక జ్వరం, దగ్గు మొదలైతే ఆ అంటు లోపలిదేనని చాలామంది పరిశోధకులు లెక్కిస్తారు. 48 గంటల గడువును పాటించేవారూ, 96 గంటలదాకా ఆగేవారూ ఉన్నారు. ఈ గడువుల తేడా వల్ల ఒక దేశపు అంకెలను మరొక దేశపు అంకెలతో నేరుగా పోల్చడం కష్టమవుతుంది. అయినా ఒక విషయంలో భిన్నాభిప్రాయం లేదు. ఆరోగ్యవంతుడిని వారం రోజులు మంచాన పడేసి వదిలిపెట్టే ఈ వైరస్, డయాలసిస్ మీద బతుకుతున్న రోగినో, ఎముక మూలుగ మార్పిడి చేయించుకున్న వ్యక్తినో, గుండె బలహీనపడిన వృద్ధులనో, నెలలు నిండకుండా పుట్టిన శిశువునో, నిండు గర్భిణినో పట్టుకున్నప్పుడు న్యుమోనియాకు, శ్వాస వైఫల్యానికి, మరణానికి దారితీయగలదు. అలాంటివారంతా ఒకే కప్పు కింద ఉండే చోటు ఆస్పత్రి.

ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌లలో నాలుగు రకాలున్నా ఏటేటా మనుషుల్లో ప్రబలేవి ప్రధానంగా ఏ, బీ రకాలే. ఏ రకాన్ని దాని పైపొరలోని హీమగ్లుటినిన్, న్యూరమినిడేస్ అనే రెండు ప్రోటీన్ల తీరును బట్టి ఉపరకాలుగా విభజిస్తారు. హెచ్1ఎన్1, హెచ్3ఎన్2 అనే పేర్లు అలా పెట్టినవే. ఈ ప్రోటీన్లు కొద్దికొద్దిగా మారుతూ ఉండడం వల్ల నిరుడు వేయించుకున్న టీకా ఈ ఏటికి చాలదు. 2009లో ప్రపంచాన్ని చుట్టి ‘స్వైన్ ఫ్లూ’గా పేరుపడిన హెచ్1ఎన్1 ఇప్పుడు ఏటా వచ్చే మామూలు ఫ్లూలో కలిసిపోయింది గాని, ఆ పేరు వింటే కలిగే బెదురు మాత్రం జనంలో పోలేదు. దేశంలో ఆ వైరస్ తొలిసారి నిర్ధారణ అయింది హైదరాబాద్‌లోనే, 2009 మే నెలలో అమెరికా నుంచి వచ్చి శంషాబాద్‌లో దిగిన ఒక ప్రయాణికుడిలో. ఆ తొలి రోజుల్లో ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి, తర్వాతి విడతల్లో సికింద్రాబాద్ గాంధీ ఆస్పత్రి ఈ జబ్బుకు ప్రత్యేక కేంద్రాలుగా పనిచేశాయి. 2015లో దేశమంతటా 42 వేలకు పైగా కేసులు, దాదాపు 3 వేల మరణాలు నమోదయ్యాయి. ఎంతమందికి జబ్బు వచ్చింది, ఎంతమంది చనిపోయారు అన్నది ఆ లెక్కలు చెబుతాయి. ఎంతమందికి ఆస్పత్రిలోనే అంటింది అన్నది మాత్రం వాటిలో కనిపించదు.

ఈ చివరి ప్రశ్న మీద ఇతర దేశాల్లో అరవై ఏళ్లకు పైగా పోగైన పరిశోధనను ఒకచోట చేర్చి చదివితే ఒక సంగతి స్పష్టమవుతుంది. ఆస్పత్రిలో ఫ్లూ ఆగడం, ఆగకపోవడం అన్నది మాస్కు నాణ్యత మీద, మందు నిల్వల మీద కన్నా, దగ్గుతో వచ్చిన మనిషిని ఎంత త్వరగా గుర్తించి ఎక్కడ ఉంచారు, జ్వరం వచ్చిన ఉద్యోగి ఇంట్లో ఆగగలిగాడా, వార్డులో గాలి ఆడుతోందా అన్న పాలనాపరమైన విషయాల మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

వైరస్ ప్రయాణించే దారులు

పాఠ్యపుస్తకాలు చాలాకాలంగా మూడు దారులను చెబుతూ వచ్చాయి. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు ఎగిసిపడే పెద్ద తుంపరలు ఒకటి రెండు మీటర్ల లోపున్నవారి కళ్లు, ముక్కు, నోటి మీద పడడం మొదటిది. ఆ తుంపరలు పడిన వస్తువును తాకిన చేతితో ముఖం ముట్టుకోవడం రెండవది. కంటికి ఆనని సూక్ష్మకణాలు గాలిలో తేలుతూ పీల్చినవారి ఊపిరితిత్తులదాకా చేరడం మూడవది. మొదటిదే రాజమార్గమని, మూడవది అరుదని భావించి చాలా దేశాల మార్గదర్శకాలు ఫ్లూను తుంపర జాగ్రత్తలు పాటించవలసిన జబ్బుల జాబితాలో చేర్చాయి; అంటే రోగిని విడి గదిలో ఉంచి, దగ్గరికి వెళ్లేవారు సర్జికల్ మాస్కు కట్టుకుంటే చాలునని అర్థం. అయితే ఈ భావన మీద సందేహాలు కొత్తవి కావు. 1977లో అలాస్కాలో 54 మందితో నేల మీద నిలిచిపోయిన ఒక విమానంలో గాలి మార్పిడి వ్యవస్థ దాదాపు మూడు గంటలు పనిచేయలేదు; లోపల ఫ్లూ లక్షణాలున్నది ఒక్కరికే అయినా, మూడు రోజులు తిరక్కముందే ప్రయాణికుల్లో 72 శాతం మంది జబ్బుపడ్డారు. అంతకు ఇరవై ఏళ్ల ముందు, 1957–58 నాటి ఏషియన్ ఫ్లూ కాలంలో, కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ మాజీ సైనికుల ఆస్పత్రిలో పైకప్పు దగ్గరి గాలిని అతినీలలోహిత దీపాలతో శుద్ధి చేసిన భవనంలో 2 శాతం రోగులకు మాత్రమే ఫ్లూ సోకగా, దీపాలు లేని భవనంలో 19 శాతానికి సోకింది. ఆ రెండు భవనాల రోగులను లాటరీ పద్ధతిలో విభజించలేదు కాబట్టి ఇది తిరుగులేని రుజువు కాదు. అయినా గాలి దారి నిజంగా అరుదైనదే అయితే, గాలికి మాత్రమే చేసిన ఈ వైద్యం అంత తేడా చూపించి ఉండకూడదు.

తర్వాతి పరిశోధనలు ఈ చిత్రాన్ని మరింత సంక్లిష్టం చేశాయి. అమెరికాలో ఫ్లూతో వచ్చిన 61 మంది రోగుల చుట్టూ ఉన్న గాలిని పరీక్షించి 2013లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, 26 మంది మాత్రమే వైరస్‌ను గాలిలోకి వదులుతున్నారని, వారిలోనూ ఐదుగురు మిగతావారికన్నా 32 రెట్లదాకా ఎక్కువగా వదులుతున్నారని తేలింది. ఆ ఐదుగురు ఎవరో ముఖం చూసి చెప్పడం ఎవరితరమూ కాదు కాబట్టి, జాగ్రత్తలు అందరి విషయంలోనూ ఒకేలా పాటించవలసి వస్తుంది. మరోవైపు, స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారికి కావాలని ఫ్లూ అంటించి, వారితో ఇతరులను కలిపి ఉంచి చేసిన ఒక ప్రయోగంలో, 2020లో వెలువడిన ఫలితాల ప్రకారం, కేవలం 1.3 శాతానికి మాత్రమే జబ్బు పాకింది; అక్కడి గదుల్లో గాలి మార్పిడి బాగా ఉండడం ఇందుకు ఒక కారణం కావచ్చునని పరిశోధకులు భావించారు. వంటింట్లో వేసిన ఎండుమిర్చి పోపు ఘాటు ముందుగదిలో కూర్చున్నవారిని దగ్గించేది కిటికీలు మూసి ఉన్నప్పుడే. దాదాపు ఈ సూత్రమే వార్డుకూ వర్తిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో పెద్ద తుంపరలు, సూక్ష్మకణాలు అన్న పాత విభజనను పక్కన పెట్టి, నోటి నుంచి, ముక్కు నుంచి వెలువడేవన్నీ వేర్వేరు పరిమాణాల్లో ఉండే అంటుకణాలేనని, అవి గాలి ద్వారా దగ్గరివారినీ దూరపువారినీ చేరగలవని పేర్కొంటూ పరిభాషను సవరించింది. దగ్గరగా, ఎక్కువసేపు, గాలి ఆడని చోట ఉన్నవారికి ముప్పు ఎక్కువ అన్నది ఈ చర్చలన్నిటిలోనూ నిలిచిన మాట.

స్పర్శ దారి విషయంలో 1982 నాటి ప్రయోగాలే ఇప్పటికీ ఆధారం. స్టీలు, ప్లాస్టిక్ వంటి నున్నని గట్టి తలాల మీద వైరస్ 24 నుంచి 48 గంటలు, బట్ట, కాగితం మీద 8 నుంచి 12 గంటలు నిలవగలదని, చేతుల మీదికి చేరాక మాత్రం ఐదు నిమిషాలలోపే చాలావరకు నశిస్తుందని అవి తేల్చాయి. ఈ వైరస్‌కు కొవ్వు పొర ఉండడం వల్ల సబ్బు, ఆల్కహాల్ ద్రావణం, సోడియం హైపోక్లోరైట్ దానిని తేలికగా చంపుతాయి. చేతుల శుభ్రత గురించి ఇంతకన్నా చెప్పవలసింది తక్కువే; చిక్కు శాస్త్రంలో లేదు, ప్రతి మంచం దగ్గరా ద్రావణం సీసా ఉందా, వాష్‌బేసిన్‌లో నీళ్లు వస్తున్నాయా అన్నదానిలో ఉంది.

వైరస్‌ను మోసుకొచ్చేవారు

వార్డులోకి వైరస్‌ను తెచ్చేవారు ముగ్గురు: రోగి, సిబ్బంది, రోగి వెంట ఉండే అటెండెంటు. మొదటివారి వాటా పెద్దది. ఫ్రాన్స్‌లోని లియాన్ నగరపు ఎడువార్డ్ హెరియో ఆస్పత్రిలో 2004 నుంచి 2007 దాకా మూడు ఫ్లూ కాలాల్లో జరిగిన పరిశీలనలో, ఫ్లూ లక్షణాలున్న సిబ్బందితో మెలిగిన రోగులకు అలాంటి జబ్బు వచ్చే ముప్పు, ఎవరితోనూ అలా మెలగని రోగులకన్నా ఐదు రెట్లకు పైగా, లక్షణాలున్న తోటి రోగితో మెలిగినవారికి దాదాపు 18 రెట్లు, ఇద్దరితోనూ మెలిగినవారికి సుమారు 35 రెట్లు ఉన్నట్లు లెక్క తేలింది. అక్కడ లెక్కించింది ప్రయోగశాలలో నిర్ధారించిన ఫ్లూను కాదు, ఫ్లూ వంటి లక్షణాలను. ఈ పరిమితి ఉన్నా, పక్క మంచం ఎంత ప్రమాదకరమో ఈ అంకెలు చెప్పకనే చెబుతున్నాయి.

సిబ్బంది విషయం మరింత సున్నితమైనది. ఫ్లూ సోకినవారు లక్షణాలు మొదలయ్యే ముందు రోజు నుంచే వైరస్‌ను వెదజల్లుతారు. పెద్దల్లో ఇది ఐదు నుంచి ఏడు రోజులు, చిన్నపిల్లల్లో, రోగనిరోధక శక్తి తగ్గినవారిలో అంతకన్నా ఎక్కువ రోజులు సాగుతుంది. గ్లాస్గో ఆస్పత్రుల సిబ్బంది రక్తాన్ని 1993–94 ఫ్లూ కాలానికి ముందు, తర్వాత పరీక్షించినప్పుడు, ఫ్లూ తీవ్రత పెద్దగా లేని ఆ ఏడాదిలోనూ 23 శాతం మందికి అది సోకినట్లు బయటపడింది; అలా సోకినవారిలో సగానికి పైగా తమకు ఫ్లూ వచ్చిన సంగతే గుర్తులేదన్నారు, నాలుగో వంతుకు మించి అసలు జలుబు దగ్గు కూడా రాలేదన్నారు. అంటే ఒళ్లు వెచ్చబడినవారిని గుమ్మం దగ్గర ఆపే థర్మామీటరు తుపాకి వల్ల కలిగే రక్షణ కొంతమేరకే. జబ్బు తెలిసినవారైనా ఆగుతారా అంటే అదీ లేదు. అమెరికాలో 2014–15 కాలంలో జరిగిన సర్వేలో, ఫ్లూ వంటి జబ్బుపడిన ఆరోగ్య సిబ్బందిలో 41 శాతం మంది ఆ లక్షణాలతోనే డ్యూటీకి వెళ్లినట్లు ఒప్పుకున్నారు. తోటివారి మీద భారం పడుతుందన్న మొహమాటం కొందరిని, జీతం పోతుందన్న భయం మరికొందరిని వార్డుకు నడిపిస్తుంది.

జీతం ప్రస్తావన తెలుగు రాష్ట్రాల ఆస్పత్రుల్లో మరింత లోతైనది. మంచం దులిపేవారు, స్ట్రెచర్ నెట్టేవారు, వార్డు ఊడ్చేవారు, భోజనం పంచేవారు, కొన్నిచోట్ల స్టాఫ్ నర్సులు సైతం కాంట్రాక్టు లేదా ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో పనిచేస్తున్నారు. వీరిలో నిర్ణీత పరిమితికి లోబడిన జీతం ఉన్నవారికి ఈఎస్‌ఐగా పిలిచే కార్మిక రాజ్య బీమా కింద జబ్బు కాలంలో వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజులదాకా చెల్లించే ఏర్పాటు ఉంది. అయితే కొత్తగా మొదలైన ప్రతి జబ్బులోనూ మొదటి రెండు రోజులకు ఆ చెల్లింపు వర్తించదు. ఫ్లూ వచ్చిన మనిషి వైరస్‌ను అత్యధికంగా వెదజల్లేది సరిగ్గా ఆ మొదటి రెండు రోజుల్లోనే. జ్వరం తగ్గించే మాత్ర వేసుకోకుండా 24 గంటలు జ్వరం లేకుండా గడిచేదాకా డ్యూటీకి రావద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పే మాట, రోజు కూలి లెక్కన జీతం అందుకునే ఆయాకు ఏ అర్థంలో వర్తిస్తుందో ఆ పత్రాలు రాసినవారు ఆలోచించినట్లు కనిపించదు. ఇక్కడ ఖర్చు లెక్క కూడా కష్టమైనదేమీ కాదు: రెండు రోజుల కూలి ఒక వైపు, ఐసీయూలో ఒక రోగికి అయ్యే వెంటిలేటర్ ఖర్చు మరొక వైపు.

అటెండెంటు సంగతి విదేశీ గ్రంథాల్లో దాదాపు లేదనే చెప్పాలి. అక్కడ కనిపించే ‘సందర్శకుడు’ పూలగుత్తితో వచ్చి అరగంటలో వెళ్లిపోయే వ్యక్తి. ఇక్కడి సర్కారీ వార్డులో భార్యో, కొడుకో, అత్తగారో రోగికి అన్నం తినిపించి, పక్క మార్చి, మూత్రపు పాత్ర తీసి, రాత్రి మంచం పక్కనే చాప పరచుకుని పడుకునే మనిషి. నర్సుల కొరత ఉన్నచోట నర్సు చేయవలసిన పనిలో సగం చేసే మనిషి. ఇంట్లో ఒకరికి జ్వరం వస్తే మరొకరు వచ్చి ఆ స్థానంలో కూర్చుంటారు. ఆ క్రమంలో ఊళ్లోని వైరస్ వార్డుకు, వార్డులోని వైరస్ ఊరికి ప్రయాణిస్తుంది. కుటుంబ సభ్యులే రోగి సేవ చేసే ఆచారం ఉన్న దక్షిణ కొరియాలో 2015లో మెర్స్ అనే మరొక శ్వాసకోశ వైరస్ ఆస్పత్రుల్లో ప్రబలినప్పుడు, జబ్బుపడిన 186 మందిలో సుమారు మూడో వంతు రోగుల బంధువులు, చూడవచ్చినవారేనని తేలింది; ఆ తర్వాత అక్కడి ప్రభుత్వం బంధువుల సేవ అవసరం లేకుండా నర్సులే పూర్తి బాధ్యత తీసుకునే వార్డుల విస్తరణను ముమ్మరం చేసింది. మెర్స్, ఫ్లూ ఒకటి కావు గాని, వార్డులో మనుషులు మెలిగే తీరులో పాఠం ఒకటే. నర్సుల సంఖ్య పెంచకుండా అటెండెంట్లను గేటు బయట ఆపడం ఆచరణలో రోగిని ఆకలితో ఉంచడంతో సమానం. ఒక రోగికి ఒక్కరే, వీలైనంతవరకు అదే వ్యక్తి, దగ్గు జ్వరం లేనివారు, మాస్కుతో ఉండాలని కట్టడి చేసి, ఆ వ్యక్తికి చేతుల శుభ్రత నేర్పడం సాధ్యమయ్యే పని.

గుమ్మం నుంచి మంచందాకా

ఆస్పత్రిలో ముప్పును తగ్గించే చర్యలను వాటి బలాన్ని బట్టి వరుసలో పెట్టే పద్ధతి పారిశ్రామిక భద్రతా శాస్త్రం నుంచి వచ్చింది. ముప్పును లోపలికి రానివ్వకపోవడం పై మెట్టు, భవనం, గాలి వంటి ఏర్పాట్లు తర్వాతి మెట్టు, పని పద్ధతులు ఆ తర్వాత, మనిషి ఒంటికి తొడిగే రక్షణ చివరి మెట్టు. ఆచరణలో మాత్రం కొనడానికి తేలికైనది, ఫొటోలో కనిపించేది చివరి మెట్టే కనుక చర్చంతా మాస్కుల చుట్టూ తిరుగుతుంది.

ఓపీ చీటీ ఇచ్చే కౌంటరు దగ్గరే దగ్గు, జ్వరం ఉన్నవారిని అడిగి గుర్తించి, మాస్కు ఇచ్చి, వేరే వరుసలో కూర్చోబెట్టి, ముందుగా చూసి పంపడాన్ని ట్రయాజ్ అంటారు. దగ్గే రోగి మాస్కు కట్టుకోవడం వల్ల కలిగే మేలు, ఎదుటివారు కట్టుకోవడం వల్ల కలిగే మేలుకు తోడవుతుంది. కేంద్ర ఆరోగ్య శాఖ హెచ్1ఎన్1 రోగులను మూడు తరగతులుగా విభజించింది: స్వల్ప లక్షణాలున్న ఏ తరగతికి పరీక్ష గాని, యాంటీవైరల్ మందు గాని అవసరం లేదు, ఇంట్లో విడిగా ఉంటే చాలు, తీవ్ర జ్వరం, గొంతునొప్పి ఉన్నవారు, ముప్పు ఎక్కువగా ఉన్న వయసువారు, గర్భిణులు, దీర్ఘరోగులు చేరే బీ తరగతికి ఇంటి దగ్గరే మందు, ఆయాసం, ఛాతీ నొప్పి, మగత, నెత్తుటి కళ్లె వంటివి ఉన్న సీ తరగతికి మాత్రమే పరీక్ష, ఆస్పత్రిలో చేరిక. దీనిని చికిత్సా సూత్రంగా చూడడం అలవాటైంది గాని, అవసరం లేనివారిని ఆస్పత్రికి దూరంగా ఉంచడం ద్వారా లోపలి రోగులను కాపాడే నియంత్రణ సూత్రంగా దాని విలువ ఇంకా ఎక్కువ.

చేరవలసినవారిని విడి గదిలో ఉంచడం ఉత్తమం. గదులు చాలనప్పుడు నిర్ధారణ అయిన ఫ్లూ రోగులందరినీ ఒకే వార్డులో చేర్చి, వీలైతే వారికి ప్రత్యేక సిబ్బందిని కేటాయించే పద్ధతి ఉంది. అనుమానితులను, నిర్ధారణ అయినవారిని కలిపి ఉంచడం ఇందులో తరచూ జరిగే పొరపాటు. ఫ్లూ లేని ఆస్తమా రోగి ఆ వార్డులో రెండు రాత్రులు గడిపితే మూడో రోజుకు ఫ్లూ తెచ్చుకోవచ్చు. అందుకే పరీక్ష వేగానికి నియంత్రణలో ఇంత ప్రాధాన్యం. వైరస్ జన్యు పదార్థాన్ని గుర్తించే ఆర్‌టీ–పీసీఆర్ నమ్మదగినదే అయినా శాంపిల్ వేరే ఊరి ప్రయోగశాలకు వెళ్లి వచ్చేసరికి రోజు గడుస్తుంది. నిమిషాల్లో ఫలితమిచ్చే యాంటిజెన్ పరీక్ష నిజమైన రోగుల్లో పెద్ద భాగాన్ని పట్టుకోలేదు, కనుక అందులో ‘లేదు’ అని వచ్చినంత మాత్రాన రోగిని మామూలు వార్డుకు మార్చకూడదు. విడిగా ఉంచే గడువు లక్షణాలు మొదలైన నాటి నుంచి ఏడు రోజులు, లేదా జ్వరం, దగ్గు తగ్గాక 24 గంటలు, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అది.

గాలి విషయంలో పేద ఆస్పత్రికి ఒక అనుకూలత ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సహజ గాలితో నడిచే సాధారణ వార్డుల్లో ఒక్కో రోగికి సెకనుకు 60 లీటర్ల తాజా గాలి అందాలని సూచించింది. పెరూ రాజధాని లిమాలోని ఆస్పత్రుల్లో క్షయవ్యాధి నియంత్రణ కోసం జరిగిన, 2007లో ప్రచురితమైన అధ్యయనంలో, కిటికీలు తలుపులు తెరిచి ఉంచిన గదుల్లో గాలి గంటకు సగటున 28 సార్లు పూర్తిగా మారుతోందని, యంత్రాలతో గాలి మార్చే ప్రత్యేక గదులకు నిర్దేశించిన 12 సార్లకన్నా ఇది రెట్టింపుకు మించినదని తేలింది. ఎత్తైన పైకప్పులు, పెద్ద కిటికీలు ఉన్న 1950కి ముందరి భవనాలు కొత్త భవనాలకన్నా ఎంతో మెరుగ్గా నిలిచాయి. హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున విన్సెంట్ ఎష్ రూపకల్పనలో లేచిన ఉస్మానియా ఆస్పత్రి పాత భవనం ఆ తరానికి చెందినదే. దానికి భిన్నంగా, కొత్త ప్రైవేటు ఆస్పత్రుల్లో అద్దాలు బిగించి స్ప్లిట్ ఏసీలు పెట్టిన జనరల్ వార్డులున్నాయి. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే చల్లబరిచి తిరిగి వదులుతుంది తప్ప బయటి గాలిని తేదు. ఎక్కువ డబ్బు కట్టి చేరిన రోగి ఎక్కువ మురిగిన గాలి పీల్చే ఈ వైచిత్రి గురించి ఆస్పత్రి ప్రకటనల్లో ఎక్కడా కనిపించదు. దోమలు, దుమ్ము, వడగాడ్పుల వల్ల కిటికీలు ఎప్పుడూ తెరిచి ఉంచలేమన్నది న్యాయమైన అభ్యంతరమే. దోమతెరలు బిగించిన కిటికీ, గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాను అందుకు చవకైన సమాధానాలు.

మాస్కుల మీద రెండు పెద్ద ప్రయోగాలు జరిగాయి. కెనడాలోని ఒంటారియోలో 446 మంది నర్సులతో చేసిన, 2009లో వెలువడిన పరిశోధనలో సర్జికల్ మాస్కు వాడినవారిలో 23.6 శాతానికి, ముఖానికి గట్టిగా అతుక్కుని సూక్ష్మకణాలను వడగట్టే ఎన్95 వాడినవారిలో 22.9 శాతానికి ఫ్లూ సోకింది. అమెరికాలో 2019లో ప్రచురితమైన, అంతకన్నా పెద్ద ప్రయోగంలోనూ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు; అక్కడ ఎన్95 వాడినవారిలో 8.2 శాతం, మామూలు మాస్కు వాడినవారిలో 7.2 శాతం. వీటిని చూపి ఎన్95 వృథా అనడం తొందరపాటు. ఆ సిబ్బందిలో కొందరికి ఫ్లూ ఇంట్లోనో బజారులోనో సోకి ఉండవచ్చు, పైగా మాస్కును రోజంతా సరిగ్గా పెట్టుకున్నవారు తక్కువ. గొట్టం వేసి కృత్రిమ శ్వాస పెట్టేటప్పుడు, శ్వాసనాళంలోని కళ్లెను యంత్రంతో తీసేటప్పుడు సూక్ష్మకణాలు విపరీతంగా లేస్తాయి కాబట్టి అక్కడ ఎన్95 తప్పనిసరి. మిగతా వేళల్లో సక్రమంగా కట్టుకున్న సర్జికల్ మాస్కు, గడ్డం కింద వేలాడే ఎన్95 కన్నా మేలు.

టీకా, మందు

సిబ్బందికి ఏటా ఫ్లూ టీకా వేయాలన్న సూత్రానికి రెండు వాదాలున్నాయి: ఒకటి టీకా ఉద్యోగిని కాపాడుతుందని, రెండవది అతని ద్వారా రోగిని కాపాడుతుందని. మొదటిదానికి ఆధారం గట్టిదే, ఏయేటి టీకా ఆ ఏటి వైరస్‌కు ఎంత సరిపోయిందన్నదాని మీద ఫలితం మారుతున్నా. రెండవదాని మీదే వివాదం. స్కాట్లాండ్‌లో వృద్ధుల దీర్ఘకాలిక సంరక్షణ ఆస్పత్రులు 20 చోట్ల జరిగిన, 2000లో వెలువడిన ప్రయోగంలో, సిబ్బందికి టీకా ఇవ్వజూపిన ఆస్పత్రుల్లో 13.6 శాతం వృద్ధులు, ఇవ్వజూపనిచోట 22.4 శాతం చనిపోయారు. కాని ఆ వృద్ధుల నుంచి తీసిన శాంపిల్స్‌లో ఫ్లూ నిర్ధారణ రెండు చోట్లా దాదాపు సమానంగానే ఉంది. ఫ్లూ తగ్గకుండా మరణాలు అంతగా ఎలా తగ్గాయన్న ప్రశ్న సహజంగానే పుట్టింది. ఈ తరహా ప్రయోగాలు చూపిన మేలు నమ్మశక్యం కానంత పెద్దదని 2017లో కెనడా పరిశోధకులు గణితంతో వాదించారు. అమెరికాలో సియాటిల్‌లోని వర్జీనియా మేసన్ వైద్య కేంద్రం 2005లో టీకాను ఉద్యోగ షరతుగా పెట్టి 97 శాతానికి పైగా సిబ్బందికి వేయించగలిగింది. దానికి విరుద్ధంగా, టీకా వేసుకోనివారు ఫ్లూ కాలమంతా మాస్కు కట్టుకోవాలన్న ఒంటారియో ఆస్పత్రి నిబంధనను 2015లో మధ్యవర్తి తగినంత ఆధారం లేదని కొట్టివేశాడు.

ఈ వాదోపవాదాలు సిబ్బందికి టీకా విస్తృతంగా అందుతున్న దేశాల సమస్యలు. భారతదేశంలో ఆరోగ్య సిబ్బందికి టీకా సిఫారసు ఉన్నా అది సార్వత్రిక టీకాల కార్యక్రమంలో లేదు, చాలా ఆస్పత్రుల్లో సిబ్బంది సొంత ఖర్చుతోనో, యాజమాన్యం దయతోనో వేయించుకోవలసిందే. బలవంతం చేయాలా వద్దా అన్న చర్చకు ముందు ఉచితంగా, డ్యూటీ చోటనే, ఔట్‌సోర్సింగ్ సిబ్బందితో సహా అందరికీ అందించే ఏర్పాటు జరగాలి. ఏ నెలలో వేయాలన్నది అంతే ముఖ్యం. దేశంలో ఎక్కువ భాగంలో ఫ్లూ వర్షాకాలంలో ఒకసారి, జనవరి–మార్చి మధ్య మరోసారి పెరుగుతుంది. శ్రీనగర్ వంటి ఉత్తరాది కొండ ప్రాంతాల్లో మాత్రం చలికాలపు జబ్బు. అందుకే తెలుగు నేల మీద టీకాకు తగిన వేళ వానలకు ముందటి ఏప్రిల్, మే నెలలు. ఐరోపా, అమెరికా క్యాలెండరును అనుసరించి అక్టోబరులో వేసే టీకా వర్షాకాలపు ఉద్ధృతి దాటిపోయాక చేతికందుతుంది.

మందుల్లో ముఖ్యమైనది ఒసెల్టమివిర్. పెద్దలకు 75 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, ఐదు రోజులు ఇస్తారు. లక్షణాలు మొదలైన 48 గంటల్లో మొదలుపెడితే ఫలితం మెరుగు, ఆస్పత్రిలో చేరిన తీవ్ర రోగికి ఆలస్యమైనా ఇవ్వడం రివాజు. 2014 నాటి కాక్రేన్ సమీక్ష పెద్దవారిలో ఈ మందు లక్షణాలను తగ్గించేది 17 గంటలలోపేనని చెప్పగా, అదే ఏడాది 29 వేలకు పైగా హెచ్1ఎన్1 రోగుల సమాచారాన్ని కలిపి చేసిన విశ్లేషణ మరణాలు తగ్గాయని చెప్పింది. మొదటిది ప్రధానంగా బయటి రోగులపై జరిగిన ప్రయోగాల సారం, రెండవది ఆస్పత్రి రోగుల పరిశీలన కాబట్టి ఈ రెండూ ఒకదానినొకటి రద్దు చేయవు. భారతదేశంలో 2009లో ఈ మందు ప్రభుత్వ నియంత్రణలోనే దొరికేది. 2017లో దానిని షెడ్యూల్ హెచ్1లోకి మార్చడంతో డాక్టరు చీటీ మీద మామూలు మందుల షాపుల్లోనూ లభించడం మొదలైంది. వార్డులో 72 గంటల వ్యవధిలో ఇద్దరు రోగులు జబ్బుపడి, ఒకరికైనా ఫ్లూ నిర్ధారణ అయితే దానిని ప్రబలిక మొదలైనట్లుగా తీసుకుని, ముప్పు ఎక్కువగా ఉన్న పక్క మంచాల రోగులకు లక్షణాలు రాకముందే రోజుకు ఒక మోతాదు చొప్పున రక్షణగా ఇస్తారు. వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో దీనిని కనీసం రెండు వారాలు, చివరి కేసు తర్వాత ఏడు రోజులదాకా కొనసాగించాలన్నది అమెరికా మార్గదర్శకం. ఒక్క మోతాదుతో సరిపోయే బలోక్సవిర్ అనే కొత్త మందు ఇళ్లలో జబ్బు పాకడాన్ని దాదాపు 29 శాతం తగ్గించిందని 2025లో వెలువడిన ప్రయోగం తెలిపింది. ఆస్పత్రి వార్డుల్లో అది ఏమేరకు పనిచేస్తుందన్నది వేరే లెక్క.

లెక్కించని జబ్బు

2015లో మొదలైన కాయకల్ప పథకం, 2020లో కేంద్రం విడుదల చేసిన ఇన్‌ఫెక్షన్ నివారణ మార్గదర్శకాలు సర్కారీ ఆస్పత్రుల్లో శుభ్రతకు, చేతుల పరిశుభ్రతకు, చెత్త నిర్వహణకు ఒక క్రమం తెచ్చాయి. అయితే ఆస్పత్రి సంక్రమిత వ్యాధుల జాతీయ నిఘా ప్రధానంగా రక్తనాళ గొట్టాలు, మూత్ర గొట్టాలు, వెంటిలేటర్ల వల్ల వచ్చే ఇన్‌ఫెక్షన్ల మీదే దృష్టి పెట్టింది. ఫ్లూ నిఘా అంతా ఊళ్లో ఎంత ఉందన్నదానిని కొలుస్తుంది. ఈ రెండింటి మధ్య ఆస్పత్రిలో అంటిన ఫ్లూ ఎవరి పుస్తకంలోనూ పడకుండా జారిపోతోంది. కేస్‌షీటులో చేరిన తేదీ పక్కనే జ్వరం, దగ్గు మొదలైన తేదీకి ఒక గడి ఉంటే చాలు, 72 గంటలు దాటినవారెవరో వారానికోసారి వార్డు నర్సు లెక్కతీయగలదు. ఏ వార్డులో ఎక్కువగా వస్తున్నాయో, ఏ నెలలో పెరుగుతున్నాయో దాని ఆధారంగా తెలుస్తుంది. ఇందుకు కొత్త యంత్రం గాని, ప్రత్యేక నిధి గాని అక్కర్లేదు. తెలుగు రాష్ట్రాల ఆస్పత్రుల ఇన్‌ఫెక్షన్ నియంత్రణ కమిటీలు వచ్చే వర్షాకాలానికి ముందే ఆ గడిని కేస్‌షీటులో చేర్చాలి, ఆ వచ్చే అంకెలను దాచకుండా ప్రచురించాలి.